నీలం వదిలే గంట

ట్రేలో జెల్ ముక్క ఇంకా నీలం ముద్దగానే ఉంది. అరచెయ్యంత ముక్క, వేలితో కాస్త గట్టిగా నొక్కితే చిరిగిపోయేంత మెత్తన. ఊగే బల్ల మీద ట్రే ఒకపక్కకు వాలుతుంది, రంగునీళ్ళు ఆ పక్కకు పోతాయి, మళ్ళీ ఈ పక్కకు వాలుతుంది, మళ్ళీ వస్తాయి. బసవన్న స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. గోడ గడియారంలో మూడూ ఐదు. నాలుగింటికల్లా నీలమంతా వదిలి గీతలు తేలతాయని చెప్పి, ఇక్కడ పరిశోధన చేసే సాహితి బయటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ వాకిట్లో ఆగి, నేను చూడను బసవన్నా, నాకేది కావాల్నో అదే నా కంటికి కనపడతాది, నువ్వయితే గీత ఎట్లుంటే అట్ల చెప్తావు అంది. మంచి మనిషినే పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ ల్యాబులో అటెండరుగా ఉన్నవాడు, దసరాకు తను చేసిన ఘనకార్యాన్ని పదకొండు రోజులు కడుపులో దాచుకున్నవాడు, ఈ పరీక్ష ఫలితం బాగా రావాలని ఆమెకంటే పదిరెట్లు ఎక్కువ మొక్కుకుంటున్నవాడు, కడప ఊరవతల ఇంత పెద్ద యూనివర్సిటీలో గీత ఎట్లుంటే అట్ల చెప్పే మనిషి ఇతనే దొరికాడు ఆమెకు. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో ఎకసెక్కం ఏమన్నా ఉందేమోనని వెతికాడు. లేదు. ఉంటే బాగుండేది.

ట్రేలోంచి ఊరగాయ జాడీ మూత తీసినట్టు పుల్లటి వాసన వస్తోంది. ఆ వాసన ముక్కుకెక్కితే బసవన్నకు ఎందుకో ధైర్యంగా ఉంటుంది. టిష్యూ కాగితం ఒకటి తీసి మెలిపెట్టి, ముడి వేసి, ట్రేలో ఒక మూలకు వదిలాడు. నీళ్ళలోకి దిగిన నీలాన్ని ఆ ముడి తాగేస్తుంది, జెల్ త్వరగా తేటపడుతుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, సాహితి ఎవరో సీనియర్ దగ్గర నేర్చుకుని ఇతనికి నేర్పింది. ముడి వేయడంలో ఇప్పుడు ఆమెకంటే ఇతనే మేలు. ఈ జెల్‌లో ఆరు వరసలున్నాయి, రెండేసి చొప్పున మూడు జతలు. ప్రతి జతలో ఒకటి తేట, ఒకటి అడుగు. దీని సంగతి ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా బసవన్న చెప్పగలడు. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ ఆక్టిన్ అని సన్నటి దారాలుంటాయి. కణం నిలబడాలన్నా, పాకాలన్నా, ముందుకు వేలు చాచి తడుముకోవాలన్నా ఆ దారాలే దిక్కు. కానీ విడి దారానికి బలమెంత, ఇట్టే వంగిపోతుంది. పది ఇరవై దారాలను పక్కపక్కన పేర్చి, కదలకుండా కట్టగా కట్టే ప్రోటీన్ ఇంకొకటి ఉంది, దాని పేరు ఫాసిన్. రెండింటినీ కలిపి గిర్రున తిప్పే మిషన్లో పెడితే కట్టలైన దారాలు బరువుకు అడుగుకు దిగుతాయి, కట్టలు కానివి పైన తేటలోనే ఉండిపోతాయి. అడుగుదీ తేటదీ వేరువేరుగా తీసి జెల్ మీద నడిపించి నీలం పట్టిస్తే, ఏది ఎక్కడుందో గీతలై కనబడుతుంది. అడుగు వరసలో గీతలుంటే ఫాసిన్ బతికుంది. తేటలో ఉంటే చచ్చింది. చంపింది బసవన్న.

చంపింది అనే మాట ఈ రెండు వారాల్లో ఎన్నిసార్లు అనుకున్నాడో. ఆయుధపూజ ఆ పని చేయించింది. కాదు, ఆయుధపూజను అనడం దేనికి, తన బుద్ధే చేయించింది. కోయిలకుంట్ల దగ్గర వాళ్ళది మగ్గాల ఇల్లు. చౌడేశ్వరమ్మను కొలిచే తొగట వాళ్ళు. అమావాస్య నాడు మగ్గం మీద కూర్చోరు, దసరాకు మగ్గాన్ని కడిగి, నిలువునా బిగించిన పడుగు దారాలను వదులు చేసి, గంధం పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోరు. బిగించిన పడుగుతో మగ్గాన్ని పండగ నాడు వదిలేస్తే, కాడి దించకుండా ఎద్దును నిలబెట్టినట్టేనని గంగాదేవి, వాళ్ళమ్మ, అనేది. ఆ మాట చిన్నప్పుడే బసవన్న ఒంట్లోకి పోయింది. ల్యాబులో చేరిన మొదటి దసరా నుంచి మిషన్లన్నిటికీ అంతే. తుడిచి, స్విచ్చి ఆపి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, మరునాడు పొద్దున దాకా విశ్రాంతి. పిల్లలు ఇళ్ళకు పోతారు, ల్యాబు పెద్ద మునీంద్ర సార్ హారతి కళ్ళకద్దుకుని వెళ్ళిపోతాడు, ఎవరూ ఏమీ అనలేదు ఇన్నేళ్ళూ. అప్పుడు ఈ పెద్ద ఫ్రీజర్ లేదు. అది ఫిబ్రవరిలో వచ్చింది. నిలువెత్తు బీరువాలాగా మూలన నిలబడి, సున్నాకు ఎనభై డిగ్రీల కింద, రాత్రీ పగలూ రొద పెడుతూ ఉంటుంది. వచ్చినప్పటి నుంచి దానికి ఒక్క పూట కన్నుమూయడం లేదు. అందరికంటే ఎక్కువ కష్టపడేది ఇదే కదా, దీనికి మాత్రం పండగ లేదా అనిపించింది. జాలిపడ్డాడు, మిషన్ మీద! తలుపు తీయకపోతే లోపల మంచు కొండలాగా ఉంటుంది, ఒక్క రాత్రికి ఏమవుతుందిలే, ఇంట్లో కరెంటు పోతే ఫ్రిజ్ నిలవడం లేదా అనుకున్నాడు. ఆపవద్దని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో అంటించిన కాగితం మీదుగానే మామిడాకు తోరణం కట్టి, దాని మీదనే బొట్టు పెట్టాడు. సాయంత్రం అయిదింటికి ఆపి, మరునాడు పదింటికి వేశాడు. తెల్లారి వచ్చి చూస్తే కింద నేల మీద దోసెడు నీళ్ళు. గుడ్డతో తుడిచేశాడు.

మూడూ పదిహేను. నీళ్ళు మార్చాలి. ట్రేను ఒక మూలకు వంచి, జెల్ జారిపోకుండా చూపుడువేలు అడ్డం పెట్టి, నీలం నీళ్ళను తొట్లో పోశాడు, సీసాలోంచి రంగు వదిలించే పుల్లటి నీళ్ళు కొత్తవి పోశాడు, ముడి కాగితం తీసేసి ఇంకొకటి వేశాడు. జెల్ ఇంకా మబ్బుగానే ఉంది, కానీ అంచులు కొంచెం తేటపడ్డాయి. నీలం అంటే భయం లేదు ఆయనకు. తాత చేతులు మోచేతుల దాకా నీలంగానే ఉండేవి, ఆ చేతులతోనే అన్నం కలిపి పెట్టేవాడు. రంగు ఎక్కించడం ఎవడైనా చేస్తాడు, ఎక్కడ ఆపాలో తెలిసినవాడే రంగుమనిషి అని తాత గొప్పలు పోయేవాడు. అమ్మ మాత్రం రంగు జోలికి పోయేది కాదు. ఆమెది పడుగు అతికే పని. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగును తెచ్చి, పాతదాని కొసకు కొత్తదాని కొస, ఒక్కో దారం, ఒక్కో దారం కలపాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని రెండు కొసలు పట్టి ఒక్క మెలి తిప్పేది, అంతే, ముడి కాదు ఏమీ కాదు, లాగినా ఊడేది కాదు. వేల దారాలు. ఊళ్ళో వాళ్ళందరి మగ్గాలకూ ఆమే. ఆమె అతికిన పడుగు నేస్తుంటే యాడా తెగదని పేరు. పక్కన కూర్చుని చూస్తే వేళ్ళు కనబడవు, కదలిక మాత్రమే కనబడుతుంది. ఆయనకు ఆ విద్య పట్టుబడలేదు. చిన్నప్పుడు ఒకసారి నలభై దారాలు అతికి, అందులో ఒకటి తప్పు దారానికి కలిపి, ఎవరికీ కనబడదులే అని ఊరుకున్నాడు. గుడ్డ నేశాక అంచుకు పక్కన నిలువునా ఒక గీత, మొదలు నుంచి చివరి దాకా. అమ్మ కొట్టలేదు. ఆ చీరను తనే కట్టుకుంది, చాలా ఏళ్ళు కట్టుకుంది.

సాహితి కూడా కొట్టలేదు, తిట్టలేదు, అదే ఇప్పటికీ మింగుడుపడటం లేదు. దసరా సెలవుల తర్వాత బద్వేలు నుంచి వచ్చి, ఫ్రీజర్‌లోంచి చిన్న చిన్న గొట్టాలు తీసుకుని పని మొదలుపెట్టింది. ఒకరోజు పక్క గదిలో కొత్తగా చేరిన పిల్లకు చెబుతుంటే బసవన్న విన్నాడు. ఒక్కసారి కరిగి నెమ్మదిగా మళ్ళీ గడ్డకట్టిందంటే ఈ ప్రోటీన్ మీద ఆశ వదులుకోవాల్సిందే అంటోంది. చేతిలో ఉన్న చీపురు అక్కడే పెట్టి బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడ్డాడు. ఆ రోజు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు. ఎన్ని రేపులు ఉంటాయి మనిషికి! ఇంట్లో అన్నం సహించడం లేదు. భార్య ఓబులమ్మ జ్వరమా అని నుదురు పట్టుకు చూసింది. ఇక్కడ చూస్తే సాహితి లెక్కలు కుదరడం లేదు. ఆగస్టులో అడుగుకు దిగినన్ని దారాలు ఇప్పుడు దిగడం లేదు, ఏ రోజు చేసినా తక్కువే. పొద్దున ఎనిమిదింటికి వచ్చి చేసిందే చేస్తుంది. ఈగ తలకాయంత బొట్టు తీసి గొట్టంలో వదలడంలో ఆమెను మించినవాళ్ళు ఈ డిపార్ట్‌మెంటులో లేరు, మునీంద్ర సార్ నోటితోనే అన్న మాట అది. అలాంటిది మొన్న ఆ అమ్మాయి తన కుడిచేతిని వెలుగుకు పట్టుకుని చూసుకుంటూ, నా చేతిలోనే ఏదో చెడింది బసవన్నా, సార్‌తో చెప్పి మానుకుంటా, బద్వేలు పోయి బడిలో పాఠాలు చెప్పుకుంటా అంది. పనితనం ఉన్న చేతిని, అది తనదే అయినా, ఎవరైనా అలా అంటుంటే మగ్గాల ఇంట్లో పుట్టినవాడు వింటూ కూర్చోలేడు. అక్కడికక్కడే చెప్పేశాడు.

చెప్పడమేమిటి, నేల మీద చతికిలబడి, పూజ దగ్గర నుంచి తుడిచిన నీళ్ళ దాకా కక్కేశాడు. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. తర్వాత అడిగింది, ఎన్నింటికి ఆపినావు, ఎన్నింటికి వేసినావు, నీళ్ళు ఎంత దూరం పారినాయి. ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో రాసుకుంది. పదిహేడు గంటలు అని రాసి కింద గీత గీసింది. అప్పుడు అన్న మాట ఒకటే: ఊరికే ఏడ్చుకుంటే ఏమొస్తాది, పరీక్ష పెడదాం. ఇదే ఫాసిన్‌లో రెండు గొట్టాలు ఆగస్టులో తిరుపతిలో ఉన్న స్నేహితుడు అరుణ్ కుమార్‌కు ఇచ్చిందట. అక్కడి ఫ్రీజర్ దసరాకు ఆగలేదు. ఫోన్ చేసింది. పొద్దున తిరుపతి బస్సులో డ్రైవరు పక్కన పెట్టి పంపాడు, థర్మాకోలు పెట్టెలో మంచు మధ్యన. బసవన్న ఆటోలో పోయి, బస్టాండులో ఆ పెట్టెను తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఎండ తగలకుండా పైన తువ్వాలు కప్పి తెచ్చాడు. ఆటో డ్రైవరు ఏముండాదప్పా దాంట్లో అంత పదిలంగా అని అడిగితే, మనిషిది అన్నాడు. మనిషిదేందప్పా అని వాడు బండి ఆపబోయాడు. ఆ తర్వాత దారి పొడుగునా అద్దంలో ఇతన్నే చూస్తూ నడిపాడు.

అబద్ధమేమీ చెప్పలేదు. మనిషిదే. కానీ ఏ మనిషి ఒంట్లోనూ పుట్టలేదు, అదే వింత. సాహితి ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు బసవన్న నవ్వాడు, ఆటపట్టిస్తోందనుకున్నాడు. ఫాసిన్ తయారుచేసే రాత మనిషి కణంలో ఉంటుంది. ఆ రాతను అక్షరం పొల్లు పోకుండా ఎత్తిరాసి, బ్యాక్టీరియాలో పెడతారు. మన పేగుల్లో ఉండే జాతిదే. దానికి మనిషి ఎవరో తెలియదు, చెయ్యీ కాలూ అంటే తెలియదు. రాత కనబడింది కాబట్టి చదువుకుంటూ పోతుంది, చదివినట్టే చేసుకుంటూ పోతుంది. నాలుగొందల తొంభై మూడు పూసల గొలుసు, ఒక్క పూస అటూ ఇటూ కాకుండా, పూర్తయ్యేసరికి దానంతట అదే మడత పడి, సరిగ్గా మనిషి ఒంట్లో ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చుంటుంది. ఎవరూ మడత పెట్టరు బసవన్నా, దానికే తెలుసు అంది ఆమె. గాజు కూజాల్లో ఆ బ్యాక్టీరియాను పెంచి, పగలగొట్టి, వడగట్టి, సన్నని గాజు గొట్టం గుండా బొట్టుబొట్టుగా దించి, దాంట్లోంచి ఇది ఒక్కటీ ఏరుకోవడానికి ఆమెకు మార్చి నుంచి జులై దాకా పట్టింది. మూడుసార్లు మొత్తం పోయింది. నాలుగోసారి వచ్చింది. దారాల కోసం ఆక్టిన్ మాత్రం కోడి కండ నుంచి తీస్తారు. అప్పుడే కోసిన కోడి కావాలి, కోసిన అయిదు నిమిషాల్లో మంచులో ఉండాలి. కోళ్ళ అంగడి గాబ్రియేలు, మసాలా ఏం పెడతాండారు సామీ దీనికి యూనివర్సిటీలో అని ప్రతిసారీ అడుగుతాడు. కోడి దారాన్ని మనిషి ఫాసిన్ ఏ పేచీ లేకుండా పట్టుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య ఎన్ని కోట్ల ఏళ్ళ ఎడమో, అయినా చుట్టరికం మరిచిపోలేదు.

ఒకరోజు సాహితి ఇతన్ని చీకటి గదిలోకి పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. ముందు ఫాసిన్ లేకుండా. నల్లటి చీకట్లో పచ్చగా వెలిగే సన్నటి పోగులు, గాలికి ఎగిరిన నూలు పోగుల్లాగా, ఒకటి ఇటు ఒకటి అటు, ఊరికే వణుకుతూ. తర్వాత ఇంకో గాజుపలక పెట్టింది, ఫాసిన్ కలిపింది. బసవన్న కన్ను తీయలేదు. పోగులన్నీ కలిసి తిన్నటి కట్టలై, ఎవరో కొలిచి పేర్చినట్టు నిలబడి ఉన్నాయి. వణుకు లేదు. ఎవరు కట్టినారమ్మా అని అడిగాడు, తెలిసీ. అదే కట్టింది అంది. క్యాన్సర్ కణాలు ఇలాంటి కట్టలనే వేళ్ళలాగా చాచి ఒంట్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతాయని, ఫాసిన్ పట్టు ఎట్లాంటిదో తెలిస్తే ఆ పట్టు విడిపించే దారీ తెలుస్తుందని, తను చేసేది ఆ పట్టును కొలవడమేనని చెప్పింది. అదంతా తర్వాత సంగతి. ఆ పూట బసవన్నకు ఫాసిన్ మీద మనసు పడింది, అంతే. కంటికి కనబడని దాని పనితనానికి దండం పెట్టబుద్ధయింది. దండం పెట్టాడు కూడా, చీకట్లో కాబట్టి ఎవరూ చూడలేదు. అంతటిదాన్ని పూజ పేరుతో తనే కరిగించి, మళ్ళీ గడ్డకట్టించాడు.

మూడూ ముప్పై రెండు. ఇంకోసారి నీళ్ళు మార్చాడు. ఈసారి మబ్బు బాగా విడిచింది. నల్లటి కడప బండ మీద తెల్లకాగితం పరిచి, గీతలు తెలుపు మీద తేలేటట్టు ట్రేను దాని మీద పెట్టాడు. గీతలు లేస్తున్నాయి. ముందు మొదటి జతను చూడాలి, మిగతావాటి మీద ఎంత ఆత్రం ఉన్నా సరే, అది నేర్పింది సాహితి. మొదటి జతలో ఫాసిన్ వేయలేదు, ఉత్త దారాలే. అక్కడ ఆక్టిన్ అంతా తేటలోనే ఉండాలి, అడుగున ఉంటే పరీక్షే తప్పు. వంగి చూశాడు. తేట వరసలో లావుపాటి గీత, అడుగు వరస ఖాళీ. సరే. రెండో జత తిరుపతి నుంచి వచ్చింది. అడుగు వరసలో రెండు గీతలు, పైన ఫాసిన్, కింద ఆక్టిన్, పక్కపక్క ఇళ్ళలాగా. తేట వరస కడిగినట్టుంది. మూడో జత మీదికి, తమ ఫ్రీజర్‌లో కరిగినదాని మీదికి, చూపు పోనివ్వడానికి ఆయనకు ఒక నిమిషం పట్టింది. కళ్ళు మూసుకుని, నరసింహస్వామీ అనుకుని, తెరిచాడు. అడుగు వరసలో రెండు గీతలు. లావుగా, నీలంగా, రెండు గీతలు. కరిగి, నీళ్ళలో నాని, మళ్ళీ గడ్డకట్టి, పదిహేడు గంటలు ఎవరికీ పట్టకుండా చీకట్లో పడి ఉండి కూడా, లేచి వచ్చి తన పని తను చేసింది. బతికే ఉందమ్మా తల్లీ అని పైకే అన్నాడు. తలుపు దాకా పోయాడు, ఆమెను పిలవడానికి. మళ్ళీ ఎందుకో వెనక్కి వచ్చి, ఇంకొక్కసారి, ఈసారి మూడో జతలో తేట వరసను చూశాడు.

అక్కడ ఒక గీత ఉంది. సన్నగా, లేతగా, వెంట్రుక అంత. ఆక్టిన్ ఉండాల్సిన ఎత్తులోనే. దాని పైన ఇంకా పలచగా ఫాసిన్ నీడ. ట్రేను అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు, కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని చూశాడు. తిరుపతి జత తేటలో ఇది లేదు. అంటే అన్నీ చావలేదు, అలాగని అన్నీ బతకనూ లేదు. కొన్ని గొలుసులు కరిగినప్పుడు మడత చెడి పట్టు వదిలేశాయి. అవి కట్టని దారాలు తేటలో మిగిలిపోయాయి. ఇది ఆయన పెట్టిన బొట్టు తాలూకు గీత. మామూలు కంటికి ఆనదు. ఫోటో తీసే మిషన్ రిపేరులో ఉంది, సెల్‌ఫోన్ ఫోటోలో ఇంత లేత గీత రాదు. నాలుగింటికి ఇంకా పదిహేడు నిమిషాలుంది. సీసాలో కొత్త నీళ్ళున్నాయి. ఇంకోసారి మార్చి బల్ల మీద ఊపితే, లావు గీతలకు ఏమీ కాదు, ఇది మాత్రం మిగతా నీలంతో పాటే వదిలిపోతుంది. అది తప్పు కూడా కాదు, నాలుగింటి దాకా ఉంచమని చెప్పింది ఆమే. చెప్పిన పని చెప్పినట్టు చేస్తే చాలు. ఆమె నవ్వుతుంది. రేపటి నుంచి అదే గొట్టాలతో పని సాగుతుంది. తను ఇంటికి పోయి ఇన్ని రోజుల తర్వాత కడుపునిండా రాగిసంగటి తింటాడు. చెయ్యి సీసా మీదికి పోయింది. మూత తీసింది కూడా. పుల్లటి వాసన గుప్పుమంది. ఆమె వాకిట్లో నిలబడి అన్న మాటలో ఎకసెక్కం ఉండి ఉంటే, ఇప్పుడు ఆ సీసా వంచడం ఎంత సులువయ్యేదో అనిపించింది. అందులో ఎకసెక్కం లేదు. తను పదకొండు రోజులు దాచాడని తెలిసిన తర్వాత కూడా, తెలిసి తెలిసి, చూడమని తనకే వదిలి పోయింది. అంత నమ్మకం మోయడం కంటే నాలుగు తిట్లు తినడం నయం. సీసాకు మూత పెట్టాడు. ట్రేలో నీళ్ళు వంపేసి, నీలం ఇంక వదలకుండా మంచినీళ్ళు పోశాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని బయటికి నడిచాడు.

ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది, ఎదురుగా ఎండలో కొండల వైపు చూస్తూ. అప్పుడే నాలుగయిందా అని అడిగింది, తల తిప్పకుండా.

"లేదమ్మా. ఇంకా టైముండాది. తిరుపతిది అంతా కట్టినాది. మనది శానా వరకు కట్టినాది, అడుగున రెండు గీతలూ లావుగా ఉండాయి." అక్కడ ఆగాడు. ఆమె భుజాలు వదులయ్యాయి, అది చూశాడు, చూసి కూడా చెప్పాడు. "అంతా కట్టలేదు. మనదాని తేటలో సన్నగా ఒక గీత ఉండాది. ఇంకొంచెంసేపు ఉంచితే అది పోతాది. పోనిద్దామనుకుంటి. అందుకే ముందుగా పిలుస్తాండా."

సాహితి లేచి లోపలికి వచ్చింది. కాగితం మీద ట్రే, ట్రే మీద వంగిన తల. బసవన్న రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆమెకు వెంటనే కనబడలేదు. యాడ అని అడిగితే వేలు పెట్టి చూపించాడు. అప్పుడు కనబడింది. జెల్ పక్కనే నోటుపుస్తకం తెరిచి, దసరా సెలవుల తర్వాతి లెక్కలు ఒక్కొక్కటే చూస్తూ పోయింది, పెదవులు కదులుతున్నాయి. పదో వంతు, అంతకంటే కొంచెం తక్కువ, మళ్ళీ పదో వంతు అని గొణుక్కుంటోంది. ఆ పదో వంతు ఏమిటో బసవన్నకు తెలియలేదు. ఇన్నాళ్ళ పనీ మళ్ళీ చేయాలి, కొత్తగా ఫాసిన్ తీయాలి, డిసెంబరుకు ఆమె ఫెలోషిప్ అయిపోతుంది, ఇవన్నీ తన వల్లేనని, ఈసారైనా నాలుగు మాటలు అంటుందని తల వంచుకుని ఎదురుచూశాడు. ఆమె తల ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"నాకు తగ్గినది కూడా అంతే బసవన్నా. ప్రతి రోజూ పదో వంతు. తిరుపతిదీ మనదీ పొద్దున ఈ చేత్తోనే కలిపినా, తిరుపతిది సరిగ్గా వచ్చినాది చూడు." కుడిచేతిని ట్రే పక్కన బండ మీద చాచి పెట్టింది. "నువ్వు ఆ గీతను పోనిచ్చుంటే, రెండూ ఒకటే అనుకొని, ఫాసిన్ బాగుండాది, చెడింది నా చెయ్యేనని తేల్చుకుండేదాన్ని. రేపు పొద్దున సార్‌కు మానుకుంటానని చెప్పేదాన్ని."

బసవన్న ఆ చేతిని చూశాడు. తర్వాత మూత పెట్టిన సీసాను తీసుకుపోయి తొట్లో వంపి, చివరి బొట్టు దాకా పోయిందని చూసుకుని, కొళాయి తిప్పాడు.